ఫ్లష్ ట్యాంకులో నీళ్ళు ఆగకుండా కారుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంటుకు ఐదు అంతస్తులు, ఇరవై ఇళ్ళు. మోటారు, సంపు, మేడ మీది ట్యాంకులు, వేసవిలో ట్యాంకర్లు చూసుకునే బాధ్యత కొన్నేళ్ళుగా నాది. ఈ కాలంలో నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలు బోరు గురించి కావు, కమోడ్ వెనుక ఉండే ఫ్లష్ ట్యాంకు గురించి. ఒకరికి చెప్పిన జవాబే మరుసటి వారం ఇంకొకరికి చెప్పవలసి వస్తోంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## అసలు కారుతోందా, ఎంత కారుతోంది?

ఫ్లష్ చేసి గంటైనా ‘స్స్’మని సన్నటి శబ్దం వస్తూనే ఉంది. ఇది మామూలేనా?

కాదు. ఫ్లష్ చేశాక ట్యాంకు నిండటానికి రెండు మూడు నిమిషాలు చాలు. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే వేగం తక్కువైతే ఐదు నిమిషాలు పట్టవచ్చు. ఆ తర్వాత పూర్తి నిశ్శబ్దం ఉండాలి. శబ్దం ఆగలేదంటే నీళ్ళు లోపలికి వస్తూనే ఉన్నాయి, వచ్చినవి ఏదో దారిన కమోడ్‌లోకి పోతూనే ఉన్నాయి.

అర్ధరాత్రి ఎవరూ వెళ్ళకపోయినా ట్యాంకు తనంతట తానే నిండుతున్న చప్పుడు వస్తోంది. ఎందుకు?

ట్యాంకు అడుగున ఉండే రబ్బరు సీలు సరిగ్గా మూసుకోవడం లేదు. నీళ్ళు కొద్దికొద్దిగా కమోడ్‌లోకి జారిపోతాయి. మట్టం కొంత తగ్గగానే నీళ్ళ మీద తేలే ఫ్లోట్ కిందికి దిగి నీళ్ళు తెరుచుకుంటాయి, నిండగానే మళ్ళీ ఆగిపోతాయి. అరగంటకో గంటకో వినిపించే ఆ చప్పుడు అదే. పగలు ఇంటి సందడిలో వినపడదు కాబట్టి రాత్రే మొదలైందని అనుకుంటాం, కానీ అది రోజంతా జరుగుతూనే ఉంటుంది.

చప్పుడు లేదు, కంటికీ ఏమీ కనబడటం లేదు. కారుతోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

తెల్ల బట్టలకు పెట్టే నీలం చాలు. ట్యాంకు మూత తీసి, లోపలి నీళ్ళలో ఏడెనిమిది చుక్కలు వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ చేయనివ్వకండి. తర్వాత కమోడ్‌లో చూడండి. అక్కడి నీళ్ళకు నీలి ఛాయ వచ్చిందంటే సీలు కారుతున్నట్టే. నీలం లేకపోతే చిక్కటి కాఫీ డికాక్షన్ ఒక గ్లాసు పోసినా సరిపోతుంది. పరీక్ష అయ్యాక ఒకసారి ఫ్లష్ చేయండి, రంగు పోతుంది.

ఇంకా తేలిక మార్గం పొడి కాగితం. కమోడ్ లోపల, నీళ్ళకు పైన, వెనుక గోడను బట్టతో తుడిచి ఒక టిష్యూ కాగితం అంటించండి. పావుగంటలో అది పైనుంచి కిందికి తడిసిందంటే ధార ఉంది.

ఇంత సన్నటి ధారకు నిజంగా అన్ని నీళ్ళు పోతాయా?

లెక్క వేసి చూడండి. నిమిషానికి ఒక పావు లీటరు గ్లాసు నిండేంత ధార అంటే గంటకు 15 లీటర్లు, రోజుకు 360 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లయితే ఇరవై నాలుగు. పెన్సిలంత ధార నిమిషానికి రెండు లీటర్ల దాకా ఉంటుంది. అది 1,000 లీటర్ల ట్యాంకును ఎనిమిదిన్నర గంటల లోపే ఖాళీ చేస్తుంది. రాత్రి పది గంటలకు నిండా పెట్టిన ట్యాంకు తెల్లవారి లేచేసరికి ఉండదు.

మీ ఇంటి లెక్క మీరే తీయవచ్చు. ట్యాంకు నిండాక కమోడ్ పక్కనున్న కుళాయి కట్టేసి, లోపల నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. గంట తర్వాత ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో కొలవండి. ట్యాంకు లోపలి పొడవును వెడల్పుతో, ఆ తగ్గుదలతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లోపల 35 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో 2 సెంటీమీటర్లు తగ్గితే దాదాపు ఒక లీటరు. గంటకు లీటరు అంటే నెలకు 720 లీటర్లు.

ఒక ఏడాది బ్రహ్మోత్సవాలప్పుడు మా అపార్ట్‌మెంటులో వరుసగా నాలుగు రోజులు తెల్లవారేసరికి మేడ మీది ట్యాంకు అడుగంటింది. బోరు ఎండిపోతోందని అందరం భయపడ్డాం. మోటారు పైకి తీయించడానికి మనుషులను కూడా మాట్లాడాం. నిద్రపట్టక లేచి కూర్చున్న మా అత్తగారు, వెనుక గోడ పైపులో రాత్రంతా నీళ్ళు పారుతున్న చప్పుడు విని చెప్పారు. చూస్తే రెండో అంతస్తులో ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళినవాళ్ళ కమోడ్ అది. సీలు కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కుంది. అంతే. ఆ రోజు నుంచి నేను ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

బోరు మాదే, నీళ్ళకు బిల్లు లేదు. అంతగా పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. బిల్లు నీళ్ళ పేరుతో రాకపోయినా కరెంటు పేరుతో వస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్ ఖర్చు. కారిపోయిన నీళ్ళ కోసం అది రోజూ అదనంగా నడుస్తుంది, తొందరగా అరుగుతుంది. నగరం శివార్లలో సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళకు ఇంకో నష్టం ఉంది. ఎడతెగకుండా నీళ్ళు వచ్చి పడుతుంటే అందులో మడ్డి అడుగుకు చేరడానికి వ్యవధి ఉండదు. అది నీళ్ళతో పాటు ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోయి గుంత పూడుకుపోతుంది.

అన్నిటికంటే పెద్ద విషయం మన నేల. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలో ఎంత నీరుంటే అంతే. వానలు తగ్గిన ఏడాదిలో వందల అడుగులు దాటి వేసినా బోర్లు పడని ఊళ్ళు మనకు తెలుసు. నగరానికి కుళాయిల్లో వచ్చే నీటిలో కొంత కల్యాణి డ్యామ్‌ది, మరికొంత తెలుగు గంగది. ఆ కృష్ణా జలాలు శ్రీశైలం నుంచి బయలుదేరి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు జలాశయాలు దాటి మన దాకా వస్తున్నాయి. అంత దూరం వచ్చిన నీటిని ఒక రబ్బరు ముక్క మార్చని కారణంగా మురుగులో కలపడం నాకు మనసొప్పదు.

అపార్ట్‌మెంటులో ఏ ఇంట్లో కారుతోందో ఎలా కనిపెట్టాలి?

రాత్రి రెండు, మూడు గంటల మధ్య వెళ్ళండి. ఆ వేళ నీళ్ళు వాడేవాళ్ళు దాదాపు ఉండరు. కింద మురుగు పైపులు నేలలోకి దిగే చోట, ఒక్కొక్క నిలువు పైపుకు చెవి ఆనించి వినండి. పారుతున్న పైపు తెలిసిపోతుంది. తర్వాత మేడ మీద ఆ వైపు బాత్‌రూములకు నీళ్ళిచ్చే లైను గేట్ వాల్వు కట్టేయండి. కాసేపటికి చప్పుడు ఆగితే లైను ఖాయం. ఇక మిగిలేవి నాలుగైదు ఇళ్ళే. వాటిలో నీలం పరీక్ష చేయమని అడగండి. ఎవరినీ నిందిస్తున్నట్టు కాకుండా అడిగితే అందరూ చేస్తారు, నా అనుభవంలో ఒక్కరూ కాదనలేదు.

## మూత తీసే ముందు

ముందు నీళ్ళు ఎక్కడ ఆపాలి?

కమోడ్ పక్కన గోడకు, నేలకు జానెడు ఎత్తులో చిన్న కుళాయి ఉంటుంది. దానికి ప్లంబర్లు యాంగిల్ కాక్ అంటారు. దాన్నుంచి సన్నటి కనెక్షన్ పైపు ట్యాంకుకు వెళ్తుంది. ఆ కాక్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే నీళ్ళు ఆగుతాయి. అదే చోట కడుక్కోవడానికి వాడే చేతి స్ప్రే (హెల్త్ ఫాసెట్) గొట్టానికి కూడా ఒక కాక్ ఉండవచ్చు. ఏ గొట్టం ట్యాంకుకు వెళ్తోందో చూసి తిప్పండి.

యాంగిల్ కాక్ బిగుసుకుపోయి తిరగడం లేదు. గట్టిగా తిప్పవచ్చా?

వద్దు. ఏళ్ళ తరబడి తిప్పని కాక్ లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది. బలం ఉపయోగిస్తే గోడలో ఉన్న పైపు మర విరుగుతుంది, అప్పుడు గోడ పగలగొట్టాలి. బాత్‌రూముకు విడిగా గేట్ వాల్వు ఉంటే అది కట్టండి. లేకపోతే మేడ మీది ట్యాంకు నుంచి దిగే లైనును ఆపండి. బిగుసుకున్న కాక్‌ను ప్లంబరు చేత మార్పించుకోవడమే మంచిది. ఆ తర్వాత మూడు నెలలకొకసారి ఊరికే మూసి తెరుస్తూ ఉంటే మళ్ళీ బిగుసుకోదు.

మూత మీదే బటన్ ఉంది. మూత ఎలా తీయాలి?

చాలా రకాల్లో బటన్ చుట్టూ ఉన్న స్టీలు రంగు వలయాన్ని ఎడమవైపు తిప్పితే ఊడుతుంది, తర్వాత మూత నేరుగా పైకి వస్తుంది. కొన్నింటిలో బటన్‌నే గోటితో పైకి లాగితే లోపల ఒక స్క్రూ కనిపిస్తుంది. మూతను నిటారుగా ఎత్తండి, పక్కకు లాగితే లోపలి పుల్లలు వంగుతాయి. పింగాణీ మూతను తువ్వాలు పరిచి నేల మీద పెట్టండి. కమోడ్ అంచు మీద పెట్టి జారి పగిలితే, అదే రంగు, అదే కొలత మూత విడిగా దొరకడం చాలా కష్టం.

లోపలి నీళ్ళు ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు. అవి కుళాయిలో వచ్చే నీళ్ళే, కమోడ్‌లోవి కావు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

ఏ సామాను దగ్గర పెట్టుకోవాలి?

స్క్రూడ్రైవరు, స్క్రూ స్పానరు, పాత టూత్‌బ్రష్, స్పాంజి, టార్చి, ఒక బకెట్. ఇంట్లో ఇవి ఉంటే సగానికి పైగా మరమ్మతులు మీరే చేసుకోగలరు. మూత తీయగానే, ఏదీ కదిపే ముందు, ఫోనుతో లోపల రెండు మూడు ఫోటోలు తీయండి. మళ్ళీ బిగించేటప్పుడూ దుకాణంలో చూపించడానికీ అవి ఎంతో ఉపయోగపడతాయి.

## లోపం ఎక్కడుందో తేల్చడం

మూత తీశాను, లోపల ఏది ఏమిటో అర్థం కావడం లేదు.

రెండే భాగాలు గుర్తుపెట్టుకోండి. ఒక పక్కన నీళ్ళు లోపలికి తెచ్చేది ఫ్లోట్ వాల్వు. పాత ట్యాంకుల్లో దానికి కడ్డీ, చివర బంతి ఉంటాయి. కొత్తవాటిలో చిన్న డబ్బాలాంటి ఫ్లోట్ నిలువుగా పైకీ కిందికీ కదులుతుంది. మధ్యలో స్తంభంలా నిలబడి ఉండేది ఫ్లష్ వాల్వు. బటన్ నొక్కితే పైకి లేచి నీళ్ళను కమోడ్‌లోకి వదిలేది అదే, దాని అడుగున గుండ్రటి రబ్బరు సీలు ఉంటుంది. ఆ స్తంభానికే ఒక బోలు గొట్టం తెరిచిన నోటితో ఉంటుంది, దాన్ని ఓవర్‌ఫ్లో పైపు అంటారు. నీటి మట్టం మితిమీరితే ట్యాంకు పొర్లి నేల మీద పడకుండా, ఆ గొట్టం ద్వారా కమోడ్‌లోకి పోతుంది.

తప్పు నీళ్ళు వచ్చే వైపా, పోయే వైపా? ఎలా తెలుస్తుంది?

ఇది తేలిస్తే సగం పని అయినట్టే. ఇది తేల్చకుండా సామాను కొని తెచ్చి, తప్పు లేని భాగం మార్చినవాళ్ళను చాలామందిని చూశాను.

ట్యాంకు నిండాక ఓవర్‌ఫ్లో పైపు నోటి దగ్గర టార్చి వేసి చూడండి. నీళ్ళు ఆ నోటి అంచు దాటి లోపలికి జారుతున్నాయంటే తప్పు నీళ్ళు వచ్చే వైపు, అంటే ఫ్లోట్ వాల్వులో. మట్టం ఆ అంచుకు బాగా కిందనే ఉండి కూడా కమోడ్‌లో ధార కనిపిస్తోందంటే తప్పు పోయే వైపు, అంటే అడుగున ఉన్న సీలులో.

సందేహం మిగిలితే యాంగిల్ కాక్ కట్టేసి అరగంట ఆగండి. మట్టం ఓవర్‌ఫ్లో అంచు దగ్గరే నిలిచిపోతే సీలు బాగానే ఉంది, ఫ్లోట్ వాల్వు చూసుకోవాలి. అంచు దాటి ఇంకా కిందికి దిగుతూ పోతే సీలు కారుతోంది. పాత ట్యాంకుల్లో రెండు తప్పులూ ఒకేసారి ఉండవచ్చు. అలాంటప్పుడు ముందు సీలు బాగుచేసి, తర్వాత ఫ్లోట్ సంగతి చూడండి.

కమోడ్ చుట్టూ నేల తడిగా ఉంటోంది. ఇదీ అదే సమస్యా?

కాదు, ఇది బయటికి కారడం. కనెక్షన్ పైపు రెండు చివర్లు, ట్యాంకు అడుగున ఉన్న బోల్టులు పొడి కాగితంతో ఒక్కొక్కటిగా ఒత్తి చూడండి. కాగితం ఎక్కడ తడిస్తే అక్కడ లోపం. నట్టును చేత్తో బిగించి, స్పానరుతో పావు చుట్టు మాత్రమే తిప్పండి. మరీ బిగిస్తే పింగాణీ చిట్లుతుంది. అన్నీ పొడిగా ఉండి, కమోడ్ మొదట్లో మాత్రం తడి ఊరుతుంటే అది కింది జాయింటు, ప్లంబరు పని.

## నీళ్ళు వచ్చే వైపు తప్పుంటే

నీళ్ళు ఓవర్‌ఫ్లో పైపులోకి జారుతున్నాయి. ఏం చేయాలి?

ముందు ఫ్లోట్‌ను చేత్తో మెల్లగా పైకి ఎత్తండి. నీళ్ళు ఆగిపోయాయంటే వాల్వు మంచిదే, ఫ్లోట్ ఎత్తు మాత్రం సరిచేయాలి. కొత్తరకం వాల్వుకు నిలువు ప్లాస్టిక్ స్క్రూ గానీ క్లిప్పు గానీ ఉంటుంది. దాన్ని తిప్పి లేదా జరిపి ఫ్లోట్‌ను కిందికి దించండి. పాతరకంలో ఇత్తడి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని బంతి కిందికి వచ్చేలా కొంచెం వంచాలి. మట్టం ఓవర్‌ఫ్లో నోటికి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కింద ఆగాలి. చాలా ట్యాంకుల లోపలి గోడ మీద ఆ గీత ఉంటుంది.

బంతిని తీసి చెవి దగ్గర ఊపి కూడా చూడండి. లోపల నీళ్ళ చప్పుడు వస్తే అది చిల్లు పడింది, తేలదు. బంతి మార్చాల్సిందే. ఫ్లోట్ ట్యాంకు గోడకో స్తంభానికో రాసుకుంటున్నా ఇదే జరుగుతుంది, కొంచెం పక్కకు తిప్పితే సరిపోతుంది.

ఫ్లోట్ పూర్తిగా ఎత్తినా నీళ్ళు ఆగడం లేదు.

వాల్వు లోపలి చిన్న వాషరు అరిగింది, లేదా దాని కింద ఇసుక చేరింది. యాంగిల్ కాక్ కట్టి, ఫ్లష్ చేసి, వాల్వు పైమూత తిప్పి తీయండి. రూపాయి బిళ్ళంత రబ్బరు వాషరు కనిపిస్తుంది. దాన్ని కడగండి. మధ్యలో గుంట పడి ఉంటే కొత్తది వేయాలి. మళ్ళీ మూత పెట్టే ముందు వాల్వు నోటి మీద ఒక గ్లాసు బోర్లించి గట్టిగా పట్టుకుని, కాక్‌ను పది సెకన్లు కొంచెం తెరవండి. పైపులో ఉన్న ఇసుక ఆ నీళ్ళతో బయటికి వచ్చేస్తుంది. గ్లాసు పెట్టకపోతే నీళ్ళు పైకప్పు దాకా చిమ్ముతాయి.

ట్యాంకరు నీళ్ళు పోయించిన మరునాడే మొదలైంది. సంబంధం ఉందా?

ఉంది. ట్యాంకరు నీళ్ళు వేగంగా సంపులో పడినప్పుడు అడుగున ఉన్న మట్టి లేచి మేడ మీదికి చేరుతుంది. కరెంటు పోయి మేడ మీది ట్యాంకు అడుగంటి మళ్ళీ నిండినప్పుడూ ఇంతే. ఆ ఇసుక వచ్చి ఫ్లోట్ వాల్వులో ఇరుక్కుంటుంది. కనెక్షన్ పైపు వాల్వుకు తగిలే చోట చాలా రకాల్లో చిన్న జల్లెడ ఉంటుంది. కాక్ కట్టి, పైపు విప్పి, జల్లెడను బ్రష్‌తో కడిగి పెట్టండి. జల్లెడ చిరిగిందని పారేయకండి, కొత్తది వేయించుకోండి.

మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తుల వాళ్ళకే ఈ బాధ ఎక్కువ. ఎందుకు?

ఒత్తిడి వల్ల. మేడ మీది ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్ల లోతుకూ దాదాపు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. ఐదు అంతస్తుల భవనంలో కింది ఇంటి వాల్వు మీద ఒకటిన్నర బార్‌కు మించి పడుతుంది, పై అంతస్తులో అందులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. అరిగిన వాషరు పైన ఆపగలిగినా కింద ఆపలేదు. యాంగిల్ కాక్‌ను సగమే తెరిచి ఉంచితే వేగం తగ్గి వాషరు ఎక్కువ కాలం వస్తుంది.

## నీళ్ళు పోయే వైపు తప్పుంటే

అడుగు సీలు నేనే మార్చవచ్చా? ఎలా?

మార్చవచ్చు. మొదటిసారి అరగంట పడుతుంది, రెండోసారి పది నిమిషాలు. యాంగిల్ కాక్ కట్టి ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్ళు స్పాంజితో తీయండి. మధ్య స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పితే పైభాగం ఊడి వస్తుంది. కొన్నింటిలో రెండు పక్కలా నొక్కవలసిన ప్లాస్టిక్ నాలుకలు ఉంటాయి. అడుగున పళ్ళెంలాంటి రబ్బరు సీలు కనిపిస్తుంది.

ముందు దాన్ని కడిగి, వేలితో అంచంతా తడమండి. జారుడుగా పాచి మాత్రమే ఉంటే కడిగితే చాలు. గట్టిపడి, అంచులు వంకరలు పోయి, వేలికి నల్లగా అంటుతుంటే కాలం తీరింది. కొత్త సీలు వచ్చే దాకా కొన్ని రకాల సీళ్ళను తిరగేసి వేసుకోవచ్చు. రెండు వైపులా ఒకేలా సమంగా ఉన్న వాటికే ఇది పనికొస్తుంది. సీలు కూర్చునే ప్లాస్టిక్ అంచును కూడా మెత్తటి బట్టతో తుడవండి. చాలామంది ఇది మరచిపోతారు. మళ్ళీ స్తంభం పెట్టి తిప్పి, ‘టక్’మని కూర్చుందో లేదో చూసుకోండి.

కొత్త సీలు వేశాను, అయినా కారుతోంది. ఎక్కడ పొరపాటు?

మూడు అనుమానాలు. సీలు కొలత ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా కారుతుంది, పాతదాని మీద కొత్తది పెట్టి పోల్చండి. సీలు కూర్చునే అంచు మీద ఉప్పు గరుకుగా పేరుకుని ఉండవచ్చు, వేలు తిప్పితే తెలుస్తుంది. ఆ అంచుకే సన్నటి పగులు ఉంటే సీళ్ళు ఎన్ని మార్చినా లాభం లేదు, ఫ్లష్ వాల్వు మొత్తం మార్చాలి. సబ్బు గానీ నూనె గానీ రాసి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకండి. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది.

బటన్ నొక్కితే లోపలే ఉండిపోతోంది, నీళ్ళు ఆగడం లేదు.

మూత ఒకవైపు జరిగి ఉండవచ్చు, సరిగ్గా కూర్చోబెట్టండి. అప్పటికీ ఆగకపోతే బటన్ కింద ఉన్న రెండు ప్లాస్టిక్ పుల్లల పొడవు చూడండి. అవి పొడవుగా ఉంటే మూత పెట్టగానే వాల్వును నొక్కిపట్టి ఉంచుతాయి. మర తిప్పి కాస్త తగ్గించండి. మూత తీస్తే నీళ్ళు ఆగి, పెడితే కారుతున్నాయంటే కారణం కచ్చితంగా ఇదే.

మాది పక్కన పిడి, లోపల గొలుసు ఉన్న పాత రకం.

గొలుసు మరీ బిగువుగా ఉంటే రబ్బరు మూతను కొంచెం పైకి లాగిపట్టి ఉంచుతుంది. మరీ వదులుగా ఉంటే దాని కిందే చిక్కుకుంటుంది. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వదులు సరిపోతుంది.

ఇండియన్ టాయిలెట్ గోడ మీది ప్లాస్టిక్ ట్యాంకు ఒకసారి లాగితే కారుతూనే ఉంటోంది.

వీటిలో చాలా వాటికి సైఫన్ పద్ధతి. ఒకసారి మొదలైన ప్రవాహం లోపలికి గాలి చేరితేనే తెగుతుంది. నీళ్ళు లోపలికి మరీ వేగంగా వస్తుంటే మట్టం అంతగా తగ్గదు, ప్రవాహం తెగదు. యాంగిల్ కాక్‌ను సగానికి తగ్గించి చూడండి, తరచుగా అంతటితో సరిపోతుంది.

గోడ లోపల దాచిన ట్యాంకు మాది. గోడ పగలగొట్టాలా?

అక్కర్లేదు. బటన్లు ఉన్న ప్లేటే దానికి తలుపు. కంపెనీని బట్టి పైకి నెడితే గానీ పక్కకు జరిపితే గానీ అది ఊడుతుంది. ఆ సందులోంచే చిన్న కాక్, ఫ్లోట్ వాల్వు, ఫ్లష్ వాల్వు అన్నీ బయటికి వస్తాయి. అయితే చోటు చాలా తక్కువ, భాగాలు ఆ కంపెనీవే కావాలి. మొదటిసారి తెలిసినవాళ్ళ చేత చేయించి, పక్కన నిలబడి చూడమని నా సలహా. గోడకు చెమ్మ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

## ఉప్పు నీళ్ళు, మందులు

బోరు నీళ్ళకు లోపలంతా తెల్లగా పెచ్చు కట్టింది. యాసిడ్ పోయవచ్చా?

ట్యాంకులో యాసిడ్ పోయవద్దు. లోహపు బోల్టులను తినేస్తుంది, రబ్బరును పాడు చేస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి. బ్లీచింగ్ పౌడరు వాడిన చోట యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూములో అది ఊపిరి మీదికి వస్తుంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి, పనివాళ్ళకు కూడా చెప్పండి.

తీయగలిగిన భాగాలను విప్పి వెనిగర్‌లో గానీ, గోరువెచ్చని నీళ్ళలో కలిపిన నిమ్మ ఉప్పులో గానీ కొన్ని గంటలు నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. రబ్బరు సీలును మాత్రం పది నిమిషాలకు మించి నానబెట్టకండి. ఉప్పు నీళ్ళున్న ఇంట్లో ఈ పని ఏడాదికి రెండుసార్లు చేయాలి.

ట్యాంకులో వేసే నీలి బిళ్ళలు మంచివేనా?

నేను వాడను. క్లోరిన్ ఉన్న బిళ్ళలు రాత్రంతా నిలిచిన నీళ్ళలో కరిగి రబ్బరును పెళుసు చేస్తాయి. పైగా నీళ్ళు ఎప్పుడూ రంగుగానే ఉంటే కారడం కనిపెట్టడం కష్టం. వాసన కోసమైతే కమోడ్ అంచుకు తగిలించేవి దొరుకుతాయి.

## కొనడం, చేయించడం, జాగ్రత్త పడటం

దుకాణంలో ఏమని అడగాలి?

పాత ముక్కను చేతిలో పట్టుకుని శానిటరీ దుకాణానికి వెళ్ళండి. పారీవేర్, హింద్‌వేర్, సెరా అని బ్రాండు పేరు సాధారణంగా మూత అడుగునో ట్యాంకు లోపలి గోడ మీదో ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. ప్లాస్టిక్ ట్యాంకు కొనవలసి వస్తే ఐ.ఎస్. 7231 గుర్తు ఉన్నది అడగండి, అది ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకులకు భారతీయ ప్రమాణం. సీలు, వాషరు పదుల రూపాయల్లో దొరికే వస్తువులు, లోపలి సెట్టు మొత్తం వందల్లోకి వెళ్తుంది. దుకాణదారు మొత్తం సెట్టు మార్చమంటే, ‘ముందు సీలు ఇవ్వండి’ అని అడగడానికి మొహమాటపడకండి.

ఎప్పుడు ప్లంబరును పిలవాలి?

ట్యాంకు పింగాణీకి పగులు ఉన్నా, కాక్ బిగుసుకున్నా, నీళ్ళు గోడలోకి ఇంకుతున్నా, సీలూ వాషరూ మార్చాక కూడా ఆగకపోయినా పిలవండి. వచ్చినప్పుడు ‘ఫ్లష్ కారుతోంది’ అని ఊరుకోకుండా, ‘ఓవర్‌ఫ్లోలోకి పోవడం లేదు, మట్టం కిందికి దిగుతోంది’ అని మీరు చూసినది చెప్పండి. పని తొందరగా అవుతుంది, అనవసరపు సామాను కొనే అవసరం రాదు.

అద్దె ఇల్లు మాది. ఖర్చు ఎవరిది?

వాషరు, సీలు లాంటివి ఉండేవాళ్ళే వేయించుకోవడం, ట్యాంకు గానీ లోపలి సెట్టు గానీ మార్చాల్సి వస్తే యజమాని పెట్టుకోవడం మా చుట్టుపక్కల నడిచే పద్ధతి. ఏదైనా ముందు ఫోను చేసి చెప్పండి. ఎవరిదో తేలే దాకా కాక్ కట్టేసి, బకెట్‌తో పోసుకోండి.

కొండకు వచ్చిన బంధువులు వెళ్ళాక ప్రతిసారీ మా ఫ్లష్ పాడవుతోంది. వాళ్ళకు ఎలా చెప్పాలి?

తిరుపతిలో ఇల్లున్న ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే ఇది. దర్శనానికి వచ్చిన పదిమంది ఒకే బాత్‌రూము వాడితే అరిగిన సీలు బయటపడుతుంది. తప్పు వాళ్ళది కాదు, బలహీనత అంతకు ముందే ఉంది. బటన్‌లో చిన్న భాగం తక్కువ నీళ్ళకు, పెద్ద భాగం ఎక్కువ నీళ్ళకు అని వచ్చిన రోజే చెప్పండి. రెండూ కలిపి గట్టిగా నొక్కితే లోపలి పుల్లలు వంగుతాయి. పిల్లలకు చేత్తో నొక్కి చూపించండి. వాళ్ళు బయలుదేరిన సాయంత్రం ఒకసారి ఫ్లష్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, చెవి పెట్టి వినండి.

ఊరికి వెళ్ళేటప్పుడు ఏం చేసి వెళ్ళాలి?

ప్రతి కమోడ్ పక్కనున్న యాంగిల్ కాక్ కట్టి, ఒకసారి ఫ్లష్ చేసి వెళ్ళండి. గ్యాసు కట్టామా, తలుపులు వేశామా అని చూసుకున్నట్టే ఇది కూడా. వారం దాటి వెళ్తుంటే ఇంటి తాళం చెవి గానీ, మీ లైను గేట్ వాల్వు ఏదో గానీ పక్కింటివాళ్ళకు చెప్పి వెళ్ళండి. తిరిగి వచ్చాక కాక్‌ను మెల్లగా తెరవండి, ఒక్కసారిగా తెరిస్తే పైపులో ఆగి ఉన్న ఇసుక నేరుగా వాల్వులోకి వెళ్తుంది.